ఎత్తిన రాయి ఎత్తిన వైపే

పెద్ద మేడం ఏ వస్తువు తీసినా తీసిన చోటే, తీసిన వైపే తిరిగి పెడుతుంది. పెట్టాక రెండు వేళ్లతో మెల్లగా తడుతుంది, ఇక కదలకు అన్నట్టు. ఉప్పు సీసా మీది చీటీ గోడవైపు ఉంటే మళ్లీ గోడవైపే. బడిలో గాజు గొట్టాలు, బల్ల మీది డస్టరు, బీరువాలోని మైక్రోస్కోపు, అన్నీ అంతే. చీకట్లో చెయ్యి చాపినా దొరకాలి అంటుంది.

ఆమె తోటికోడలు అలా కాదు. మూత ఒకచోట, సీసా ఇంకొకచోట. తాళాల కోసం ఇల్లంతా గాలించి, చివరికి తన చేతిలోనే చూసుకుని నవ్వుతుంది. ఆ నవ్వుకి ఇల్లంతా నవ్వుతుంది. పెద్ద మేడంకి ఒళ్లు మండేది అక్కడే.

ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు, ఒకే బడిలో సైన్సు టీచర్లు. పెద్ద మేడం, చిన్న మేడం అన్నవి పిల్లలు పెట్టిన పేర్లు. చిన్నామెను వెంటపడి చదివించి ఈ ఉద్యోగంలోకి తెచ్చింది పెద్దామే. పాఠం ఎలా ఎత్తుకోవాలో, బోర్డుని ఎలా పంచుకోవాలో, వెనక బెంచీ వాడిని ఎప్పుడు లేపాలో వంటింట్లో కూరలు తరుగుతూ నేర్పింది. నేర్చుకున్నదంతా చిన్నామె ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే గాలికి వదిలేసింది. ఒకరోజు పిల్లల్ని బడి వెనక మురుగు గుంట దగ్గరికి తీసుకెళ్లి దోమపిల్లల్ని చూపించింది. పెద్దామె తరగతి పిల్లలు కిటికీల్లోంచి మెడలు చాపారు. అప్పుడు ఆమె బోర్డు మీద గీస్తున్నది దోమ జీవితచక్రమే. బాణం గుర్తులతో సహా.

"మేడం, మనమెప్పుడు వెళ్తాం?"

"ఎక్కడికి?"

"గుంటకి."

"ముందు బొమ్మ గీసుకో," అంది. ఆ రోజు సుద్దముక్క ఆమె చేతిలో విరిగింది.

వేసవి సెలవుల్లో సైన్సు టీచర్లకు ఊరి బయట, వాగు ఒడ్డున ఉన్న పరిశోధన కేంద్రంలో శిక్షణ పెట్టారు. నీళ్లలో ఏ పురుగులు బతుకుతున్నాయో చూసి ఆ నీళ్లు ఎంత శుభ్రమో చెప్పడం అక్కడ నేర్పుతారు. చివరి రోజు ప్రతి ఒక్కరూ తాము పట్టిన పురుగుల ట్రే ముందు పెట్టుకుని పాఠం చెప్పాలి. బాగా చెప్పినవాళ్లలో ఒక్కరిని, వచ్చే ఏటి నుంచి మిగతా టీచర్లకు నేర్పడానికి తీసుకుంటారు.

ఆ మాటని పెద్దామె నోటు పుస్తకంలో రాసుకుని కింద గీత గీసింది. ఇన్నేళ్ల సర్వీసులో ఆమె పాఠం గురించి తనిఖీకి వచ్చినవాళ్లు "సంతృప్తికరం" అని తప్ప ఇంకో మాట రాయలేదు. ఒక్కసారి ఎవరైనా పిలిచి, మీరు చెప్పండి, మేం వింటాం అనాలి. ఆమెకు కావలసింది అంతే.

కేంద్రం పెద్దకి తెల్లగడ్డం. గడ్డం సారు అనే అందరూ పిలిచారు. ఆయన జంటలు కట్టమనగానే చిన్నామె తోటికోడలి చెయ్యి పట్టేసుకుంది.

"మా అక్క నాతోనే సార్. లేకపోతే నా సామానంతా వాగులో కొట్టుకుపోతుంది."

అందరూ నవ్వారు. పెద్దామె కూడా పెదవులు సాగదీసింది.

జంటలో ఒకరు ఎగువన నిలబడి కాలితో రాళ్లను తన్ని కదపాలి. రెండోవాళ్లు దిగువన వల పట్టుకోవాలి. రాళ్ల కింద దాక్కున్న పురుగులు నీటి ఊపుకి వచ్చి వలలో పడతాయి. వాటిని పంచుకుని ఎవరి ట్రేలో వాళ్లు వేసుకోవాలి. బురద, కుళ్లిన ఆకులు, అన్నీ వల పట్టినవాళ్ల మీదికే. పెద్దామె ఒక్కరోజు కూడా వల పట్టలేదు.

"నాకు నడుము వంగదు," అంది.

వంగనిది నడుము కాదు.

ఎత్తి చూసిన ప్రతి రాయినీ ఎత్తిన వైపే బోర్లించమని గడ్డం సారు చెప్పాడు. దాని కింద కాపురాలుంటాయన్నాడు. పెద్దామె ఆయన చెప్పకముందు నుంచే అలా చేస్తోంది. రాయిని దించి, తడి వేళ్లతో తట్టి మరీ లేస్తోంది. ఆయన అటు చూడలేదు. చూసింది చిన్నామెను.

"సార్! ఇసుక నడుస్తోంది సార్!" అని ఆమె వాగు దద్దరిల్లేలా కేక వేసింది.

ఇసుక రేణువులు అతికించి ఒంటి చుట్టూ గూడు కట్టుకునే పురుగు అది. గడ్డం సారు నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "కళ్లంటే ఇవీ," అన్నాడు. అంతకుముందే అలాంటి పురుగుని పెద్దామె చూసింది. పేరు కూడా సరిగ్గా గుర్తుపట్టి, రాయిని జాగ్రత్తగా బోర్లించింది. కేక వెయ్యాలని ఆమెకు తోచలేదు.

భోజనాల దగ్గర పక్క బడి ఫిజిక్సు మాస్టారు కదిపాడు. "ఏమండీ, మీ ఇద్దరిలో గురువెవరు, శిష్యురాలెవరు?"

"అక్కే గురువు. నేను క్లాసు ఎగ్గొట్టే రకం," అంది చిన్నామె.

"ఈ రోజుల్లో ఎగ్గొట్టినవాళ్లే పైకొస్తున్నార్లెండి."

పెద్దామె కంచం తీసుకుని లేచింది.

చివరి రోజుకి ముందురోజు ట్రేలన్నీ వరండాలో, గోడ నీడన ఉన్నాయి. "నీళ్లు వేడెక్కనివ్వకండి," అన్నాడు గడ్డం సారు. "వేడెక్కితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. శుభ్రమైన నీటి పురుగులే ముందు పోతాయి. మురికిని ఓర్చుకునేవి మిగులుతాయి. అప్పుడు మీ ట్రే వాగు మీద చాడీలు చెప్తుంది."

మధ్యాహ్నం అందరూ లోపల ఉన్నప్పుడు పెద్దామె భూతద్దం కోసం బయటికి వచ్చింది. అది చెక్కపెట్టెలో ఉంది. ఆ పెట్టె మీదే చిన్నామె తన ట్రే పెట్టిపోయింది. ఎక్కడ చోటు దొరికితే అక్కడ, ఎప్పటిలాగే. పెద్దామె ట్రేని రెండు చేతులా ఎత్తి మెట్టు మీద పెట్టింది. పెట్టె తెరిచి భూతద్దం తీసుకుంది. మూత వేసింది. మూత మీద ట్రే ఆకారంలో తడి మరక ఉంది. ఆమె దాన్ని చూసింది. మెట్టు దగ్గర నీడ అంచునూ చూసింది. ఎండ ఇటే జరుగుతోంది.

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఈసారి దేన్నీ తట్టలేదు.

సాయంత్రం చిన్నామె గొంతు వినిపించింది. "అక్కా! ఇటు రా అక్కా!"

ట్రేలో శుభ్రమైన నీటిలోనే బతికే మూడు తోకల పురుగులు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఇసుక గూడు కదలడం లేదు. మురికి నీటిలో పెరిగే ఎర్ర పురుగులు మాత్రం హాయిగా మెలికలు తిరుగుతున్నాయి.

"నేనే మెట్టు మీద పెట్టేసినట్టున్నాను. నా సంగతి తెలిసిందేగా," అంది చిన్నామె. "నువ్వయితే ఎక్కడిదక్కడ పెట్టేదానివి."

పెద్దామె భూతద్దాన్ని కొంగుతో తుడిచింది.

గడ్డం సారు వచ్చి ట్రేలోకి వంగాడు. "రేపు ట్రేలో ఉన్నదే చెప్పాలమ్మా."

"ఉన్నది చెప్తే వాగు మురికిదని తేలుతుంది సార్."

"తేలుతుంది మరి. పొద్దున్నే దిగి మళ్లీ పట్టుకో. కానీ ఒంటరిగా దిగనివ్వను. వల ఇంకొకరు పట్టాలి."

చిన్నామె తోటికోడలి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. "వద్దులెండి సార్. పొద్దున అక్క తన పాఠం చూసుకోవాలి. నడుము కూడా బాగాలేదు పాపం. నేను చచ్చినవాటి గురించే చెప్తా." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పెద్దామె తన ట్రే దగ్గరికి వెళ్లింది. అన్నీ బతికే ఉన్నాయి. సంతోషం కలుగుతుందనుకుని కాసేపు అక్కడే నిలబడింది. కలగలేదు. చచ్చిన పురుగులతో కూడా అది బాగానే చెప్తుంది, అందర్నీ నవ్విస్తుంది, రేపూ దానిదే అనిపించింది. ఇంత చేసినా చల్లారని తన అసూయను చూసి ఆమెకే భయం వేసింది. తన ఉద్యోగంలో ఇన్ని బొమ్మలు గీసింది. ఒక్క బాణం తప్పు దిక్కుకి గీయలేదు. ఇప్పుడు వాగు మీద చాడీ చెప్పింది తనే.

మర్నాడు పొద్దున ఎండ రాకముందే చిన్నామెను లేపింది. ఒడ్డున ఉన్న సామానులోంచి రబ్బరు బూట్లు చిన్నామె వైపు తోసి, వల తను తీసుకుంది. చల్లటి నీళ్లలోకి దిగి, దిగువకు నడిచి, నడుము వంచి, వలను రాళ్ల మధ్య నేలకు ఆనించింది.

"అక్కా, అటు బురద వస్తుంది. ఇలా ఇవ్వు."

"నిన్న నీ ట్రే తీసింది నేను," అంది పెద్దామె, వల మీది నుంచి చూపు ఎత్తకుండా. "తీసిన చోట పెట్టలేదు. ఎండ వస్తోందని తెలుసు."

చిన్నామె కాలు నీళ్లలో ఆగిపోయింది. ఇద్దరి మధ్య వాగు పారుతోంది.

"తన్ను," అంది పెద్దామె.

చిన్నామె తన్నింది, ఉన్న బలమంతా పెట్టి. రాళ్లు దొర్లాయి. బురద, ఆకులు, ఇసుక ఒక్కసారిగా వచ్చి పెద్దామె మొహాన కొట్టాయి. ఆమె తుడుచుకోలేదు. వల కదలకుండా పట్టుకుంది.