కోసేసిన చరణం

ఆ కోపం నాకింకా చల్లారలేదు.

అజ్మాన్ నుంచి దుబాయ్ వెళ్లే బస్సులో, ఈమధ్య అందరూ వింటున్న నాట్ల పాట రీమిక్స్ ఫోన్‌లో పెట్టాను. పక్క సీట్లో ఉన్నది ఇళ్లలో పనిచేసే గోదావరి ఆవిడ. పాటంతా విని, "అప్పుడే ఖలాసా, అయిపోయిందా? ఆఖరి చరణం ఏదండి?" అంది.

"ఇంతే ఉందండీ."

"అది మా అమ్మ కట్టిన పాటండి. కట్టినోళ్ల పేరు ఆఖరి చరణంలోనే వస్తదండి. ఎవరని రాశారండి?"

వీడియో కింద వేసిన పేర్లు చూసి చెప్పాను. "రచన: జానపదం."

"జానపదం ఎవరండి? బురదలో నడుం వంచి నాట్లేస్తా పాడింది మా అమ్మ సత్తెమ్మండి!"

వీడియో తీయడానికి డ్రోన్ ఎగరేసినవాడి పేరు కూడా వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడ గొంతు సవరించుకుని, కోసేసిన చరణాన్ని బస్సులోనే అందుకుంది. 'సత్తెమ్మ' దగ్గర గొంతు ఇంకాస్త పెంచింది.