ఇరవై రెండున్నర మంది మనుషులు

నిన్న శనివారం మధ్యాహ్నం మా స్టాఫ్‌రూములోకి అటెండర్ రిజిస్టర్ పట్టుకొచ్చిండు. విద్యార్థినులు టీచర్ల ఇండ్లకు రాకూడదు, బడి అయిపోయినాక టీచర్లు వాళ్లతో మాటలు పెట్టుకోకూడదు, చదివి సంతకాలు చేయవలెను. ట్యూషన్ల లొల్లి ఆపడానికట. అందరూ వేళ్ల మీది మిర్చి బజ్జీల నూనె తుడుచుకొని సంతకాలు పెట్టారు. సగం మంది చదవనేలేదు. నా వంతు వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఎవరికైనా కాదని చెప్పే మనిషిని కాదు నేను. బస్సులో నా స్టాపు దాటిపోతుంటే ఆపమని కేకేయలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే రకం. అందుకే అటెండర్‌కు విచిత్రంగా తోచింది. "ఏంది మేడం, ఇంకు అయిపోయిందా?" అన్నడు. సోమవారం చూద్దామని చెప్పి, ఇంటికొచ్చి ట్రంకు పెట్టె అడుగు నుంచి నా మొదటి డైరీ బయటికి తీసిన. అట్టకు ఇంకా పాల వాసన ఉన్నట్టే అనిపించింది. అది నా భ్రమ కూడా కావచ్చు, ఎందుకంటే మా ఇంట్లో పాల వాసన లేని వస్తువు లేదు.

మా ఇల్లు పురానాపూల్ వెనుక గల్లీలో. ముందు మేము, వెనుక కొట్టంలో ఆరు బర్లు. బర్లకే జాగా ఎక్కువ. బాపు తెల్లారకముందే పాలు పిండి, పెద్ద క్యాన్లు సైకిల్‌కు అటొకటి ఇటొకటి కట్టుకొని లాడ్ బజార్ దిక్కు చాయ్ హోటళ్లకు పోయేవాడు. దగ్గరి ఇండ్లకు పోసే పని ఎనిమిదో తరగతి నుంచి నాది. చిన్న క్యాను, కొలత గ్లాసు, రెండు జడలు. ధూల్‌పేట్ గల్లీల మీదుగా పోవాలి. వానాకాలం వచ్చిందంటే అక్కడ ఇండ్ల ముందర ఇంకా రంగు పడని, తొండం పెట్టని వినాయకులు వరుసగా ఆరేవాళ్లు. వాళ్ల మధ్య నుంచి పాలు ఒలకకుండా నడవడం ఒక విద్య. ఆ రోజుల్లో నేను జంకు లేకుండా మాట్లాడింది ఆ వినాయకులతోనే. పదమూడో ఎక్కం వాళ్లకు అప్పజెప్పేదాన్ని. తప్పు చెప్పినా ఒక్కరూ నవ్వలేదు.

బడిలో మాత్రం నోరు తెరిచేదాన్ని కాదు. సగం నా స్వభావం, సగం నా ఒంటి మీది కొట్టం వాసన. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటే గాలికి కొంత నయం. పుస్తకాలు చదవడం ఇష్టమే, కానీ ఎవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు. పచారీ సామాను కట్టి ఇచ్చిన కాయితాలు కూడా విప్పి చదివి, మడిచి దిండు కింద పెట్టుకునేదాన్ని. లెక్కలు మాత్రం నాకు రావు. రావని ఎనిమిదిలో ఒకసారి, తొమ్మిదిలో రెండుసార్లు మార్కుల కాయితమే చెప్పింది.

నేను పాలు పోసే ఇండ్లలో రెండు మా బడి టీచర్లవి. మొదటిది పెద్ద టీచరమ్మది, అంటే మా హెడ్మిస్ట్రెస్‌ది. ఆ ఇంటికి ఇనుప జాలి తలుపు. జాలి కింద జానెడు సందు. గంట కొడితే ఆ సందులోంచి గిన్నె బయటికి వచ్చేది, గిన్నెతో పాటు రెండు బంగారు గాజుల చెయ్యి. "పాలపిల్లా, నురగ కాదు, పాలు పొయ్యి" అనే మాట పైనుంచి వచ్చేది. మూడేండ్లు రోజూ ఆ చెయ్యిని చూసిన. ఏ గాజుకు సొట్ట ఉందో నాకు తెలుసు. ఆమెకు నా క్యాను రంగు తెలుసో లేదో.

రెండోది లెక్కల టీచరమ్మ ఇల్లు. ఇల్లు అనడమే కానీ ఒకటే అర్ర, ఒంటరి మనిషి. తొమ్మిదిలో ఆమెకు పాలు మొదలుపెట్టిన రోజు పోయేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె కిరసనాయిలు స్టవ్ పక్కన కింద కూర్చొని, ఒడిలో పలక పెట్టుకొని, బలపం కొస కొరుకుతున్నది. స్టవ్ మీద అన్నం పొంగి గంజి కారిపోతున్నది. ఆమెకు ఆ సోయి లేదు. "ఒక్క నిమిషం" అన్నది నన్ను చూడకుండానే. నేను పలక దిక్కు తొంగిచూసిన. నిండా కొట్టివేతలే. బడిలో ఆమె బోర్డు మీద లెక్క మొదలుపెడితే వాలు మీద నీళ్లలా ఆగకుండా కిందికి జారేది. బర్రె పొదుగులో పాలు ఉన్నట్టు ఆమె లోపల లెక్కలు ఉంటాయని, పిండుకోవడమే తరువాయి అని నేను అనుకునేదాన్ని. ఈమె పొద్దున్నే లేచి, అన్నం మాడబెట్టుకొని, తప్పులు చేసి, కొట్టేసుకొని, అప్పుడు బడికి వస్తున్నదన్నమాట.

"ఏం చూస్తున్నవ్, నాకు తప్పులు రావనుకున్నవా?" అన్నది తలెత్తి. తర్వాత కొంచెం సేపు నా ముఖమే చూసి, "నువ్వు మా తొమ్మిదో తరగతే కద. కిటికీ పక్కన బెంచి" అన్నది. వాసన సంగతి కూడా తెలుసేమోనని నేను రెండడుగులు వెనక్కి జరిగిన. ఆమె పలక నా చేతిలో పెట్టింది. "నేను యాడనో జారిన. యాడనో చూడు. తుడవకు. కింది మెట్టు నుంచి ఒక్కొక్క మెట్టు పైకి ఎక్కు, నా కాలు జారిన జాగా నీకే దొరుకుతది."

ఆ రోజు దొరకలేదు. మరునాడు కూడా దొరకలేదు. రోజూ ఆమె తన తప్పొకటి నాకోసం తుడవకుండా ఉంచేది. పదిపన్నెండు రోజులకు అనుకుంటా, మూడో మెట్టు మీద ఒక మైనస్ గుర్తు మాయమైందని నేను వేలు పెట్టి చూపించిన. ఆమె నాకంటే ఎక్కువ సంబరపడింది. "దొంగ దొరికిండు" అని పలక ఎత్తి అటూ ఇటూ ఊపింది, ఆ గల్లీకంతా చూపించాలన్నట్టు.

మా బాపుకు ఒక నియమం ఉండేది. కొలత పోసినాక ఇంత కొసరు పోయకుండా గిన్నె దగ్గర నుంచి లేవొద్దు. కొలత అంగడిది, కొసరు మనది అనేవాడు. నేను కొసరు పోస్తే టీచరమ్మ కూడా నాకు కొసరు ఇచ్చేది. లెక్క అయిపోయినాక ఒక పావుగంట ముచ్చట. తను చదువుకునేటప్పుడు లెక్కల్లోనే తప్పి, మేడ మీద నీళ్ల ట్యాంకు వెనుక దాక్కొని ఏడ్చిన సంగతి అట్లాంటి ఒక పొద్దున్నే చెప్పింది. ఆఫీసులో పనిచేసే వాళ్ల అన్న ఏటా ఒక డైరీ తెచ్చిస్తే, రాయకుండానే సంవత్సరం గడిచిపోయిన ఒకదాన్ని నాకు ఇచ్చింది. నేను తేదీలు చూసి, ఇది పోయినేడాదిది టీచర్ అన్న. "తేదీలు పోయినయ్, కాయితాలు పోలే" అన్నది. "నోటితోని చెప్పనిది దీంట్ల రాయి." అట్లా నా మంగళవారాలన్నీ సోమవారాల పేజీల మీద పడ్డయి.

పదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షల్లో నాకు లెక్కల్లో డెబ్బై ఎనిమిది వచ్చినయి. అంతకు ముందు పందొమ్మిది. నేను సంబరపడిన ఆ ఒక్క పూటకే బడిలో గుసగుసలు మొదలైనయి. పాలపిల్ల పాలు పోసి పరీక్ష పేపరు తెచ్చుకుంటున్నదని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. మూడోరోజు ప్రార్థన అయినాక పెద్ద టీచరమ్మ కాయితం తీసి చదివింది. పిల్లలెవరూ టీచర్ల గడప తొక్కరాదు, టీచర్లు రానివ్వరాదు, అందుకు టీచర్లందరూ రిజిస్టరులో సంతకం పెట్టాలి, తొక్కినవాళ్ల మార్కుల మీద విచారణ ఉంటుంది. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది, ముందు వరుసల జడలన్నీ నా దిక్కు తిరిగినయి. లెక్కల టీచరమ్మ గోడ పక్కన చేతులు కట్టుకొని నిలబడి ఉంది. ఆ రోజు నాకు నా మార్కుల కంటే ఆమె గురించే భయమైంది. పలక మీద తన తప్పులు దాచుకోని మనిషిని దొంగను చేశారు, అదీ నా మూలంగా.

ఇంట్లో చెప్పిన. బాపు బర్రెకు కుడితి పెడుతూ విన్నడు. "మన కొట్టం లొల్లే మనకు చాలు బిడ్డా. ఆ టీచరమ్మ ఇంటికి రేపటి సంది నేను పోత. నువ్వు పెద్ద టీచరమ్మకు, మిగిలినోళ్లకు పొయ్యి" అన్నడు. ఆయన మంచికే అన్నడు. కానీ ఆ మాటలోనే నాకు ఏదో తట్టింది. డైరీ తీసి ఒక వాక్యం రాసిన. కొట్టేసిన. మళ్లీ రాసిన. ఆ పేజీ ఇప్పుడు నా ముందర ఉంది. ఆరు కొట్టివేతలు, ఏడో వాక్యం సరిగ్గా వచ్చింది.

పొద్దున్నే జాలి తలుపు గంట కొట్టిన. గిన్నె వచ్చింది, గాజులు వచ్చినయి. పాలు పోసిన, కొసరు కూడా పోసిన. పోసి, లేవకుండా, ఆ చెయ్యితోనే చెప్పిన.

"రేపటి సంది మీ ఇంటికి పాలు తేను మేడం. పిల్లలు టీచర్ల గడప తొక్కొద్దని మీరే చెప్పిండ్రు. నేను మీ బడిలనే పదోతరగతి."

చెయ్యి లోపలికి పోయింది. గొళ్లెం తీసిన చప్పుడైంది. మూడేండ్లలో ఆ తలుపు నాకోసం తెరుచుకోవడం అదే మొదటిసారి. ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. హాజరు రిజిస్టరులో నా పేరు ఆమెకు తెలుసు, గాజుల కింద నా క్యాను తెలుసు. ఆ రెండూ ఒకే మనిషివని అప్పుడు తెలిసింది.

"నువ్వేనా?" అన్నది. తర్వాత తేరుకొని, "ఇక్కడ పాలు పోయడం వేరు. అక్కడ వేరు" అన్నది.

"ఆడ గూడ పాలే పోస్తున్న మేడం. పోసినంక టీచర్ నాతోని మాట్లాడుతది. గంతే ఫరక్."

క్యాను మూత పెట్టి, వెనక్కి చూడకుండా గల్లీలోకి నడిచిన. అంత మాట నా నోట ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం నన్ను ఆఫీసు గదికి పిలిచారు. లెక్కల టీచరమ్మ కూడా అక్కడే నిలబడి ఉంది. పెద్ద టీచరమ్మ ఏ పుస్తకం తెరవకుండా, తను చదువుకున్న నాటి పాత లెక్కొకటి నోటితోనే చెప్పింది. పన్నెండు మంది రోజుకు ఎనిమిది గంటల చొప్పున పదిహేను రోజుల్లో గోడ కడితే, రోజుకు పది గంటల చొప్పున ఎనిమిది రోజుల్లో కట్టడానికి ఎంత మంది కావాలి. గబగబా చేసిన. ఇరవై రెండున్నర మంది వచ్చారు. పెద్ద టీచరమ్మ కాయితం చూసి, "ఆ సగం మనిషిని ఎక్కడి నుంచి తెస్తావు?" అన్నది. గుమ్మంలో అటెండరమ్మ కిసుక్కున నవ్వింది. లెక్కల టీచరమ్మ కిటికీ బయటికి చూస్తున్నది. అప్పుడు నాకు కొట్టేయాలని గానీ ఏడవాలని గానీ అనిపించలేదు. కింది మెట్టు మీద వేలు పెట్టిన. ఒక్కొక్కటి ఎక్కిన. రోజులు లెక్కలోకి తీసుకొని గంటలు వదిలేసిన జాగా రెండో మెట్టు దగ్గర దొరికింది.

"ఇక్కడ జారిన మేడం" అన్న. ఎనిమిదితో హెచ్చించి, పదితో భాగించిన. పద్దెనిమిది మంది. సగం మనిషి లేడు.

పెద్ద టీచరమ్మ ఆ కాయితాన్ని చాలాసేపు చూసింది. ఆమె చూసింది జవాబును కాదు, నేను కొట్టేయకుండా ఉంచిన ఇరవై రెండున్నరను. పేపరు తెచ్చుకొని బట్టీ పట్టిన పిల్లకు తన తప్పును తానే వెతుక్కోవడం రాదు. అది ఆమెకు అర్థమైందని ఆమె ముఖమే చెప్పింది. "మార్కుల మీద విచారణ లేదు" అన్నది. "రూలు మాత్రం రూలే."

రూలే అయితే రూలే, ఆమె గడప నేను తొక్కను. మరునాటి నుంచి జాలి తలుపు ఇంటికి బాపు పోయిండు, నాలుగు రోజులు నన్ను తిట్టుకుంటూ పోయిండు. నేను క్యాను పట్టుకొని లెక్కల టీచరమ్మ ఇంటికి పోయిన. తలుపు ఎప్పటిలాగే తెరిచి ఉంది. లోపలికి పోవాలా వద్దా అని గడప ఇవతల నిలబడితే, "నేను ఆ రిజిస్టర్ల సంతకం పెట్టలే. నువ్వు లోపటికి రా, అన్నం మాడుతున్నది చూడు" అన్నది. పరీక్షలయ్యే దాకా పోయిన. జూన్‌లో ఆమెను ఊరి అవతలి బడికి బదిలీ చేశారు. సంతకం పెట్టనందుకో, మామూలుగానో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు, అది మాత్రం ఇప్పటికీ నొప్పిస్తుంది.

ఇప్పుడు నేను కూడా లెక్కల టీచర్‌నే. బోర్డు మీద నా లెక్క కూడా ఆగకుండా జారుతుంది. పొద్దున్నే పలక మీద ఎన్నిసార్లు జారి పడతానో నా తరగతిలో ముగ్గురు పిల్లలకు తెలుసు, ఎందుకంటే వాళ్లు మా ఇంటికి వస్తారు. ఒకామె పూలు ఇవ్వడానికి వస్తుంది, ఇద్దరు ఊరికే వస్తారు. పాఠం పుస్తకంలో ఉంటుంది, నిజమే. పాఠం చెప్పే మనిషి కూడా జారి, లేచి, మళ్లీ ఎక్కుతుందన్న సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. అది గడప దాటి వచ్చిన వాళ్లకే కనిపిస్తుంది. రేపు సోమవారం. రిజిస్టర్ మళ్లీ వస్తుంది, నా పేరు ముందర జాగా ఖాళీగానే తిరిగిపోతుంది. బదిలీ చేస్తే చేయనీ, ఆ ఊర్లో కూడా ఇంటికి తలుపు ఉంటుంది. ఇంకు అయిపోలేదని చెప్పడానికి ఈ నాలుగు పేజీలు ఆ పాత డైరీలోనే, మిగిలిపోయిన డిసెంబరు కాయితాల మీద రాసిన. ఆ డిసెంబరు గడిచి పన్నెండేండ్లకు పైనే అయింది, అయినా ఇంకా రాసుకోవడానికి అందులో కొన్ని రోజులు మిగిలే ఉన్నయి.