నిప్పును నమ్మని అత్త

మా అత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను పర్ణశాలలో, గుడికి వచ్చినవాళ్లకు ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముతున్నాను. ఫోన్ చేసింది మా మహిళా సంఘంలోని ముత్తమ్మ. "జల్దీ రా వదినా. పెద్దమ్మ పోయింది" అంది. నిజం చెబుతున్నాను, నేను నమ్మలేదు. అంతకుముందు ఒకసారి జ్వరమని ఉత్తుత్తి కబురు పంపి, లడ్డూల బుట్ట ఎవరికి అప్పగించి వస్తానో కనిపెట్టిన మనిషి మా అత్త. ఆటో ఎక్కాక కూడా, ఇంటికి వెళ్లేసరికి గడపలో కూర్చుని ఉంటుందనే అనుకున్నాను. లేదు.

అడవి అంచున ఉన్న మా ఊళ్లో ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. ఎండుటాకుల్లో పువ్వు కనబడదని చెట్టు కింద నిప్పు పెట్టడం తాతల నాటి అలవాటు. నేల శుభ్రమవుతుంది, ఏరుకోవడం సులువు. దాంతోపాటే కింద మొలిచిన మొక్కలూ బూడిదవుతాయి. ముసలి చెట్లు పడిపోతుంటే వాటి వెనక ఒక్క పిల్ల చెట్టూ లేదని మొదట గమనించింది మా అత్తే. "తల్లి కాళ్లకాడ పిల్లల్ని కాలవెట్టి, మళ్ల ఆ తల్లినే పువ్వు అడుగుతున్నం. ఇయ్యాల ఇస్తది. రేపు?" అనేది. ఆడవాళ్లను కూడగట్టి, నిప్పు మాన్పించి, చెట్ల కింద పాత చీరలు పరిపించింది. వాగు పక్కన బోడిగా మిగిలిన గట్టు మీద గింజలు నాటించింది.

నాటాక ఇక ఎవరినీ నమ్మలేదు. మేకల్ని, మేకలవాళ్లని, అటవీ ఆఫీసువాళ్లు ఉచితంగా ఇచ్చిన మొక్కల్ని కూడా. "ఊకెనే ఇస్తున్నరంటే ఏందో ఉంటది" అని వాటిని వేరుగా పెట్టించి ఏడాదంతా ఓ కన్నేసి ఉంచింది. అవి మంచి మొక్కలేనని తేలినా ఒప్పుకోలేదు. "ఇంక చిన్నగనే ఉన్నయ్ గద, సూద్దాం" అంది.

నేను ఏన్కూరు వైపు పత్తి చేల ఊరిదాన్ని. కాపురానికి వచ్చిన మర్నాడే, "మీ దిక్కు పత్తికట్టె కాలవెడ్తరట గద. పెట్టెల అగ్గిపెట్టె గిట్ట తెచ్చినవా?" అని అడిగింది. లేదన్నా నా పెట్టె వెతికింది. నాకు ఏడుపొచ్చింది. గట్టు వైపు నుంచి ఏ మగవాడు వచ్చినా బీడీ వాసన కోసం చెయ్యి పట్టుకుని చూసేది. మామయ్యనూ వదల్లేదు. ఊరు చాటుగా ఆమెను అనుమానాలమ్మ అనేది. ఆ సంగతి ఆమెకు తెలుసని నా అనుమానం. కానీ చుట్టుపక్కల ఊళ్లలో నాటినవి మంటలకు మాడిపోయిన ఏడాది మా గట్టు ఒక్కటే పచ్చగా నిలిచింది. ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది అప్పుడే.

పోయింది కూడా ఆకు రాలే రోజుల్లోనే. మా ఊరి వల్లకాడు ఆ గట్టుకు ఆనుకుని ఉంటుంది. చితి అక్కడే పేర్చమన్నాడు ఊరి పెద్ద.

"గాలి ఉంది బాబాయ్. ఒక్క రవ్వ లేచినా గట్టంత పోతది" అంది ముత్తమ్మ.

"మన పెద్దలందర్ని ఆడనే సాగనంపినం. ఈమెకొక్కదానికి వేరే జాగనా? మేం మగోళ్లం ఉంటం గద, సూసుకుంటం" అన్నాడాయన.

ఆ "సూసుకుంటం" మాకెవరికీ నచ్చలేదు. మా ఊళ్లో ఆడవాళ్లు కాడు దాకా పోరు. ఆ రోజు పోయాం. చీపుళ్లతో ఆకు ఊడ్చాం, వాగు నీళ్లు బిందెలతో మోసి నేల తడిపాం, తలా ఒక పచ్చి కొమ్మ పట్టుకున్నాం. ఊరి పెద్ద ముఖం చిట్లించాడు గానీ పొమ్మనలేదు.

నిప్పు పెట్టింది నా భర్త. మంట లేవగానే మేము చితికి వీపు పెట్టి, మొక్కల వైపు తిరిగి వరుసగా నిలబడ్డాం. ఒక రవ్వ మా తలల మీదుగా ఎగిరి గట్టు మీద పడింది. ముత్తమ్మ ఉరికి, కొమ్మతో కొట్టి ఆర్పింది. "నీ మంటనైనా నమ్మేది లేదు పెద్దమ్మా" అని గొణిగింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఒక్కసారి ఇటు తిరిగి చూడమని నా భర్త పిలిచాడు. తిరగలేదు. బూడిద చల్లారేదాకా మాలో ఎవరమూ తిరగలేదు. వీపుకు ఆమె వేడి తగులుతూనే ఉంది. ఎదురుగా మనిషి ఎత్తు ఇప్ప చెట్లు గాలికి ఊగుతున్నాయి.