బాషన్న పూసిన తారు

మా కోట ఊరి చుట్టుపక్కల ఎవరి కారు మొండికేసినా ఖాదర్ బాషాకు కబురు పెట్టేవారు. అరవై మూడు, అరవై నాలుగు నాటి మాట. అప్పట్లో మా వైపు ఉన్న కార్లనే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు కాబట్టి, ఆ పేరు సంపాదించడం పెద్ద గొప్పేమీ కాదని ఆయన్ను ఆటపట్టించేవాళ్లం. ఆయనకు నవ్వొచ్చేది కాదు. బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి రోగం చెప్పేయడం ఆయనకో పిచ్చి. "వాకాడు దాకా నా మాటకు ఎదురు లేదు" అనేవాడు. అలా ఎదురు లేకపోవడమే కొంప ముంచింది. అదైనా తన కొంప కాదు, మునెయ్య కొంప.

మునెయ్యది సముద్రం ఒడ్డున పట్టపుపాళెం. తాతముత్తాతలందరూ వల లాగినవాళ్లే. ఆ పాళెంలో స్టీరింగు పట్టిన మొదటివాడు అతనే. రైసుమిల్లు ఆనందబాబు గారి పాత మారిస్ కారుకు డ్రైవరుగా చేరినప్పుడు, భార్య అంకాలమ్మ అతని ఖాకీ చొక్కాను తానే ఉతికి, చేపల వాసన తగలకుండా గుడిసె వెనక వేరే తాడు కట్టి ఆరేసేదట.

ఉప్పుగాలికి కారు అడుగుభాగం తుప్పు పట్టి రాలిపోతోందని ఒక ఎండాకాలం ఆనందబాబు గారు వాపోయారు. "పడవకు పూసినట్టు తారు పూసేస్తే పోలా బాబు గారూ?" అన్నాడు ఖాదర్ బాషా. మా తీరంలో ఉప్పు తగిలే ప్రతిదానికీ తారే మందు. పడవైనా, పందిరి గుంజైనా, తలుపు అడుగు చెక్కైనా సరే. ఆయన కారు కింద అడ్డొచ్చినవన్నీ విప్పి, తారు కాచి రెండు పూతలు దట్టంగా పూసి, విప్పినవన్నీ మళ్లీ బిగించాడు. చూడముచ్చటగా ఉందని అందరం మెచ్చుకున్నాం.

వానలు పట్టాక కారు మొరాయించడం మొదలుపెట్టింది. సెల్ఫ్ లాగితే టక్కుమని ఊరుకునేది. హ్యాండిల్ వేసి తిప్పితే మాత్రం లేచేది. బస్టాండు ముందు మునెయ్య చెమటలు కక్కుతూ హ్యాండిల్ తిప్పుతుంటే, వెనక సీట్లో ఆనందబాబు గారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. ఖాదర్ బాషా వచ్చి, ఒక్క చూపు చూసి, బ్యాటరీ దిగిపోతోందన్నాడు.

"బ్యాటరీ కాదేమో బాషన్నా" అన్నాడు మునెయ్య. "లైట్లు బాగానే వెలుగుతుండాయి. సెల్ఫ్ లాగినప్పుడు చోక్ వైరు చూడు, చెయ్యి కాలేంత వేడెక్కుతుండాది."

"చోక్ వైరుకు వేడేందిరా? అదేమన్నా కరెంటు వైరా? వట్టి ఇనప తీగ. నీ బీడీ ఆనించుంటావు దానికి."

టీ అంగడి దగ్గరున్న వాళ్లందరూ నవ్వారు. అంతటితో ఆగినా పోయేది. ఛార్జి చేసిన బ్యాటరీ మళ్లీ పలక్కపోయేసరికి, మాట పోతుందన్న భయంతో ఖాదర్ బాషా నేరుగా ఆనందబాబు గారి దగ్గరికి వెళ్లాడు. "షెడ్డులో పెట్టినాక మీ డ్రైవరు లైటు ఆర్పడం లేదు బాబు గారూ. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ" అన్నాడు. ఆయన కళ్లతో చూసింది కాదు. మునెయ్య ఒట్లు పెట్టుకున్నాడు. ఎవరు వింటారు? పని పోయింది. బ్యాటరీలు తినే డ్రైవరని పేరు పడ్డాక మరో కారువాళ్లు గడప తొక్కనివ్వలేదు. మళ్లీ వల పట్టాడు.

షావలి అని కొత్త డ్రైవరు వచ్చాడు, కొత్త బ్యాటరీ కూడా వచ్చింది. కారు మాత్రం అదే టక్కు. చివరికొకరోజు విసుగెత్తి ఖాదర్ బాషాయే సీట్లో కూర్చుని, ఒక చేత్తో చోక్ పట్టుకుని సెల్ఫ్ లాగాడు. చురుక్కుమనేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దిగి కారు కిందికి దూరాడు.

సెల్ఫ్‌లోకి వెళ్లిన కరెంటు ఇంజను మీదుగా చట్రంలోకి, చట్రం మీదుగా బ్యాటరీకి తిరిగి రావాలి. ఇంజనేమో రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. దాన్ని చట్రానికి కలిపేది ఒక్క రాగి పట్టీ. ఆ పట్టీని విప్పి, తారు పూసి, ఆ తారు మీదే బిగించింది ఖాదర్ బాషా. బోల్టు తారును కొరికి ఇనుముకు తగిలిన కాస్త చోటుతో కొన్నాళ్లు గడిచింది. వానకు ఉప్పుతేమ దిగాక ఆ దారీ మూసుకుపోయింది. కరెంటు పాపం, ఇంజను నుంచి డ్రైవరు ముందుకు వచ్చే చోక్ తీగను పట్టుకుని తిరిగొస్తోంది. తీగ కాలక ఏమవుతుంది? ఆయన తారు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, పట్టీ బిగించాడు. ఒక్క లాగుకు ఇంజను లేచింది. శభాష్ సాయిబూ అన్నాం. ఆయన మా మొహాలు చూడకుండా వెళ్లిపోయాడు.

ఇంట్లో తినకుండానే లేచాడు. ఏమైందని భార్య జమాల్‌బీ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. "మరి ఆ మునెయ్యకు చెప్పినావా?" అంది ఆమె.

ముందు ఆనందబాబు గారికి చెప్పాడు. ఆయన చేత్తో ఈగను తోలినట్టు తోలేశారు. "బండి నడస్తా ఉంది గదా బాషా. షావలిని నేనిప్పుడు తీసేయను. ఈ సంగతి బయట అనబాక, ఇద్దరికీ తలవంపులు." ఖాదర్ బాషా సైకిలెక్కి పాళెం వెళ్లాడు.

మునెయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ఖాదర్ బాషా ఇసకలో నిలబడే అంతా చెప్పాడు. తారు సంగతి, పట్టీ సంగతి, బాబు గారన్న మాట, ఏదీ దాచలేదు. కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అయితే నేను లైటు ఆర్పినట్టే గదన్నా?" అన్నాడు మునెయ్య.

"ఆర్పినావు."

"నిజంగా ఆర్పలేదేమో అనుకున్నా. అందరూ అంటుంటే నాకే అనుమానమొచ్చింది. తలుపు మూసింది మతికొస్తది, లైటు ఆర్పింది మతికి రాలా. తప్పు నాదేనని ఇంటిదానిముందర ఒప్పేసుకున్నా గూడా." గుడిసె వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. "అంకాలమ్మా! ఇట్రా, అన్న చెప్పేది ఇను."

ఖాదర్ బాషా మళ్లీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. రెండోసారి ఇంకా కష్టమైంది. అంకాలమ్మ చివరిదాకా విని, మొగుడి వైపు చూడలేక ఇసక వైపు చూసింది.

"నీ మతిమరుపే మన కూడు తీసిందని ఈయన్ను దినామూ తిట్టినాను సాయిబూ. బిడ్డలముందర గూడా అన్నాను. ఆ మాటలన్నీ ఇప్పుడు యాడికి పోవాల?"

"నా మీదికి రానియ్యమ్మా" అన్నాడు ఖాదర్ బాషా.

"నీ మీదికొస్తే ఈయన మీదనుంచి పోతాయా?" అంది ఆమె.