గోడ మీదుగా ఇచ్చిన పొట్లం

దెయ్యాల్లేవని నేను మైకు పట్టుకుని చెప్పని ఊరు పల్నాడులో తక్కువ. పూనకాల మీద, చేతబడి మీద ఎన్నో వ్యాసాలు రాశాను. సాక్ష్యం లేనిదాన్ని నమ్మొద్దని ఇప్పటికీ అంటాను. అందుకే ఇది జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఎనభైల్లో మాట. మా తరానికి ప్రశ్నించడం నేర్పిన ఒక రచయిత జీవితాన్ని సినిమాగా తీశారు. ఆయన పుస్తకాలు చదివే నేనూ సుగుణా పురోహితుడు లేకుండా, దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నాం. ఆ సినిమా తీస్తున్నారని పేపర్లో చూసినప్పటి నుంచి సుగుణ దానికోసం ఎదురుచూసింది. ఆసుపత్రి మంచం మీద కూడా "గురజాలకి వస్తదంటావా?" అని అడిగింది.

వచ్చేసరికి ఆమె లేదు. మాకు పిల్లలు లేరు. ఒక్కణ్ణే మ్యాట్నీకి వెళ్ళాను.

ఆ హాల్లో ఆడవాళ్ళ బెంచీలు వేరు. మధ్యలో ఇటుక గోడ, కూర్చున్న మనిషి తల దాటేంత ఎత్తు. ఇంటర్వెల్లో మగవాళ్ళు వేరుశనక్కాయలు కొని, గోడ మీదుగా తమవాళ్ళకు అందించడం అక్కడి రివాజు. ఆ గోడ తీసేయమని హాలు యజమానితో ఇద్దరం ఎన్నోసార్లు పోట్లాడాం. ఆయన వినలేదు. చివరికి మేమూ దానికి చెరోవైపు ఆనుకుని కూర్చునేవాళ్ళం.

ఇంటర్వెల్‌కి ముందు తెర మీద రచయిత భార్య చనిపోయింది. ఆయన అప్పుడే రాసిన కాగితం చేత్తో పట్టుకుని, చదివి వినిపించడానికి ఆమె కోసం ఇల్లంతా తిరుగుతాడు. లైట్లు వెలిగాయి. నేను అలవాటు కొద్దీ రెండు పొట్లాలు కొన్నాను. వచ్చి కూర్చుని, ఒకటి గోడ మీదుగా అందించాను.

పొట్లం నా చేతిలోంచి వెళ్ళింది.

"నీకుంచుకున్నావా?" అని అటు నుంచి వినిపించింది.

"ఉంచుకున్నాలే" అన్నాను. అన్న తర్వాత గానీ స్పృహ రాలేదు.

పొట్లం ఇచ్చిన ప్రతిసారీ సుగుణ అడిగే మాట అది. పైగా నన్ను 'నువ్వు' అనే ఆడమనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు. మొగుణ్ణి అలా అంటుందని ఆమెను ఆడిపోసుకున్నవాళ్ళు చాలామంది.

లేచి చూశాను. బెంచీలు ఖాళీ. అటు వెళ్ళి, వంగి కిందంతా వెతికాను. పొట్లం లేదు. తలుపు దగ్గర టికెట్లు చింపే మస్తాన్ నవ్వాడు.

"ఏంది సారూ, ఆడోళ్ళ బెంచీల కింద మీకేం పని?"

"ఇక్కడెవరు కూర్చున్నారు మస్తాన్?"

"ఒక్కళ్ళూ రాలా. ఫైటింగుల్లేని బొమ్మకి ఎవరొస్తారు? దెయ్యాలొస్తాయంటే మీరొప్పుకోరాయె!"

ఎవరో ఆకతాయి లాక్కుని పారిపోయాడనుకుందామంటే, అటువైపు ఉన్నది మస్తాన్ నిలబడ్డ ఆ ఒక్క తలుపే. దుఃఖంలో చెవులు మోసం చేస్తాయి, నిజమే, నేనే రాశాను. మాట వరకూ ఆ జవాబు సరిపోతుంది. పొట్లానికి సరిపోదు. ఇన్నేళ్ళయినా వేరే జవాబు నాకు దొరకలేదు. అది దెయ్యమని మాత్రం నేననను.

నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. నాకు భయం వేయలేదు. మళ్ళీ వచ్చి గోడకు ఆనుకునే కూర్చున్నాను. సినిమా అయిపోయి, ఉన్న కొద్దిమందీ వెళ్ళిపోయాక, గోడ వైపు తిరిగి "బాగుందా?" అని అడిగాను.

మస్తాన్ తలుపులు వేయడానికి వచ్చేదాకా ఆగాను.