పాయకరావుపేట నుంచి వచ్చినవాళ్ళం

పొద్దున్నే గాజుల కొట్టు తెరవడానికి వెళ్ళిన మా నాన్న వెంటనే తిరిగొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "మీ సోషల్ మేస్టారు పోయేరు బేటీ" అన్నారు. నాలుగేళ్ళ కిందట, అరవై అయిదు సెప్టెంబరులో కూడా నాన్న ముఖం ఇలాగే ఉండేది.

అప్పుడు పాకిస్తాన్‌తో యుద్ధం. అనకాపల్లి మెయిన్‌రోడ్డులో మా కొట్టు ముందు జనం రేడియో వార్తలు చెప్పుకుంటూ, నాన్న కనిపిస్తే గొంతు తగ్గించేవారు. మా క్లాసులో ముస్లిం పిల్లను నేనొక్కదాన్నే. రాబోయే పాఠం ఇస్లాం మతవ్యాప్తి. అది అయ్యేదాకా బడి మానెయ్యమన్నారు నాన్న. నేనూ బతుకుజీవుడా అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం మేస్టారు కొట్టుకు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. కష్టమైన మాట చెప్పేముందు క్లాసులోనూ అంతే.

"పిల్లను పంపించండి బాబూ. ఆ అమ్మాయి లేకండా ఆ పాఠం చెప్పను. ఎదురుగా చెప్పలేని మాట ఎనకాల చెప్పడం ఏటండి?"

"ఎవరేనా ఏదేనా అంటేనో?" అన్నారు నాన్న.

"అంటారేమో. నేనుంటాను కదా."

వెళ్ళాను. పాఠం మొదలైన కాసేపటికే ఓ చెరకు రైతు కొడుకు లేచాడు. "మేస్టారూ, ఈళ్ళందరూ కత్తులట్టుకుని వచ్చినోళ్ళేనా?"

తలలన్నీ నా వైపు తిరిగాయి. మేస్టారే జవాబిచ్చారు.

"కత్తితో వచ్చిన రాజులున్నారు. గుళ్ళు పడగొట్టినోళ్ళూ ఉన్నారు. అది దాచను. మరి సముద్రం అవతలున్న సుమత్రా దీవికి ఏ సైన్యం ఎళ్ళిందిరా? వర్తకుల ఓడలెళ్ళేయి. సరుకుతోపాటు నమాజూ ఎళ్ళింది. ఫకీరు మాట నచ్చి కొందరు కలిసేరు, కొలువు కోసం కొందరు కలిసేరు. ఒక్క మాటలో చెప్పమంటే నాకు చేతకాదు." ఆగి, నన్ను లేపారు. "మీవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేరమ్మా?"

 "పాయకరావుపేట నుంచండీ."

మా జిల్లాలోని ఊరే అది; క్లాసంతా నవ్వింది. అడిగిన కుర్రాడూ నవ్వాడు. మేస్టారు నవ్వడం నేను చూసింది అప్పుడే.

అయినా భయం పోలేదు. ఆ పాఠం గురించి ఎవరో హెడ్మాస్టరుకు ఫిర్యాదు చేశారని తెలిసి, వరండాలో అడిగాను. "మీకు భయం లేదా మేస్టారూ?"

"ఎందుకుండదమ్మా? సూడు" అని చెయ్యి చాపారు. వేళ్ళు వణుకుతున్నాయి. ఆ చేత్తోనే పుస్తకం పట్టుకుని తర్వాతి క్లాసుకు వెళ్ళారు.

"తెలీకపోతే తెలీదనే రాయండి, దానికీ అరమార్కు ఇత్తాను" అనేవారాయన. ఆయన ఆ సాయంత్రం కొట్టుకు రాకపోతే, ఒకసారి మానిన బడికి నాన్న మళ్ళీ పంపేవారు కాదు, నా చదువు అక్కడితో ఆగిపోయేది. ఇప్పుడు నేనూ చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను.

మధ్యాహ్నం మేస్టారి పాడె మా కొట్టు ముందునుంచే వెళ్ళింది. నాన్న మెట్టు దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. తలమీది టోపీ తియ్యాలో, ఉంచుకోవాలో ఆయనకు తెలియలేదు. చెయ్యి నెత్తిదాకా వెళ్ళి ఆగింది, దిగింది, మళ్ళీ వెళ్ళింది. పాడె మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నారు.