చివరి వరుస

లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసే ఆ పెద్దావిడకు ఎక్కడైనా ఒదిగి కూర్చోవడం అలవాటు. పెళ్లి కుదరక తమ్ముడింట్లోనే ఉండిపోయి పాతికేళ్లయినా, ఇప్పటికీ సోఫా అంచుమీదే కూర్చుంటుంది, ఎవరో వచ్చి లెమ్మంటారేమో అన్నట్టు. గోళ్ల సందుల్లో జిగురు ఎండి ఉంటుంది. ఎవరైనా చూస్తే వేళ్లు ముడుచుకుంటుంది. తమ్ముడు మూడు వరుసల హైబ్రిడ్ కారు కొందామనుకుని, నడిపి చూడటానికి ఇంటిల్లిపాదినీ షోరూముకు తీసుకెళ్లాడు. ముందు సీట్లో మరదలు, మధ్యలో ముగ్గురు పిల్లలు. "చివరి వరుసలో ఎవరు కూర్చుంటారు సార్?" అని సేల్స్‌మన్ అడగ్గానే అందరూ ఆవిడవైపే చూశారు. నడుం వంచుకుని లోపలికి దూరింది. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

రోడ్డెక్కాక ఇంజను మోతలో ముందువాళ్ల మాటలేవీ ఆవిడ చెవిన పడలేదు. సిగ్నల్ దగ్గర బండి నెమ్మదించగానే ఇంజను ఆగిపోయి, కారు బ్యాటరీ మీద నడవసాగింది. మరదలు అది గమనించలేదు. ఇంతసేపూ మోతలో మాట్లాడిన గొంతుతోనే, "మనం ఐదుగురమే కదండీ. వదిన ఎక్కడైనా గది చూసుకుంటే మనకి చిన్న బండి సరిపోదూ?" అంది.

"చూద్దాంలే," అన్నాడు తమ్ముడు. తర్వాత అద్దంలోకి చూస్తూ గొంతు పెంచి, "అక్కా, వెనకాల ఎలా ఉంది?" అని అడిగాడు.

"హాయిగా ఉందిరా. చప్పుడే లేదు."

మరదలు మెడ తిప్పలేదు. బండి తిరిగొచ్చింది. షోరూము ముందు పిల్లలు దూకి పరిగెత్తారు. తమ్ముడు తల వంచుకుని వచ్చి, మధ్య సీటు మడిచి చెయ్యి అందించాడు.

"చిన్నదే తీసుకోరా," అంది ఆవిడ, ఆ చెయ్యి పట్టుకోకుండానే దిగుతూ.